‘విప్‌లాష్’ 16 ఎంఎం రీలు దొరికితే: పరీక్ష నుంచి డిజిటల్ కాపీ దాకా

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, మూతపడిన ఫిల్మ్ సొసైటీ అల్మారాలోనో తుప్పు పట్టిన గుండ్రటి డబ్బా కనపడుతుంది. మూత తీస్తే లోపల నలుపు తెలుపు 16 ఎంఎం రీలు. ఇంటికి తెచ్చాక ఎవరికైనా కలిగే కోరిక ఒక్కటే, ప్రొజెక్టర్ సంపాదించి గోడ మీద వేసి చూడాలని. ఆ తొందరే రీలుకి శత్రువు. అరవై ఏళ్లు డబ్బాలో పడి ఉన్న ఫిల్ము బిరుసెక్కి, కుంచించుకుపోయి ఉంటుంది. ప్రొజెక్టర్ పళ్లు దాని రంధ్రాల్లోకి సరిగ్గా దిగవు, మొదటి నిమిషంలోనే అంచు చిరగడం మొదలవుతుంది. అందుకని వరుస ఇలా పెట్టుకోండి: ముందు బల్ల మీద పరీక్ష, తర్వాత మరమ్మతు, చివర కాపీ. వేడి దీపం ముందు అసలు ప్రింటుని నడపటం ఈ వరుసలో ఎక్కడా లేదు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ‘విప్‌లాష్’. బ్రిటన్‌లో ఐటీవీ కోసం ఏటీవీ సంస్థ, సిడ్నీలోని ఆర్ట్రాన్సా స్టూడియోతో కలిసి తీసిన సీరియల్. 1960–61లో వచ్చింది, మొత్తం 34 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట స్లాటుకి. పంతొమ్మిదో శతాబ్దం నడిమి ఆస్ట్రేలియాలో గుర్రపు బండ్ల సర్వీసు నడిపే అమెరికన్ క్రిస్టఫర్ కాబ్ కథ ఇది. ఆ పాత్ర వేసింది పీటర్ గ్రేవ్స్. తర్వాత ‘మిషన్ ఇంపాజిబుల్’ టీవీ సీరియల్‌తో ఇంకా పేరు తెచ్చుకున్న నటుడే. టైటిల్ పాట ఫ్రాంక్ ఐఫీల్డ్ పాడాడు. ‘స్టార్ ట్రెక్’ సృష్టించిన జీన్ రాడెన్‌బెరీ కొన్ని ఎపిసోడ్లు రాశాడు. కథ వెనకున్న కంపెనీ నిజంగా ఉన్నదే. ఫ్రీమన్ కాబ్ అనే అమెరికన్, మరో ముగ్గురు తోటివాళ్లతో కలిసి మెల్బోర్న్‌లో పెట్టిన ‘కాబ్ అండ్ కో’ మొదటి బండి 1854 జనవరి 30న బంగారు గనుల వైపు బయల్దేరింది. అసలు కాబ్ రెండు మూడేళ్లలోనే అమెరికా తిరిగి వెళ్లిపోయాడు. తెర మీద కొరడా పట్టిన కాబ్ కల్పిత పాత్ర.

ఇలాంటి సీరియల్ రీళ్లే దొరికే అవకాశం ఎక్కువ ఎందుకంటే, 1950ల బ్రిటిష్ టీవీ నాటకాల్లో చాలావాటిని స్టూడియో నుంచి లైవ్‌గా ప్రసారం చేసి వదిలేశారు, రికార్డింగే లేదు. ఫిల్ము మీద తీసిన సీరియళ్లకి మాత్రం దేశదేశాల స్టేషన్లకి అమ్మటానికి 16 ఎంఎం ప్రింట్లు వేసేవారు. అమ్మకం కోసం వేసిన ఆ కాపీలే ఇవాళ డబ్బాల్లో దొరికేవి.

బల్ల మీదకి ఏమేం కావాలి

చేత్తో తిప్పే రీవైండర్ల జత, 1,200 అడుగుల ఖాళీ రీళ్లు రెండు, ఏ4 సైజు ఎల్‌ఈడీ ట్రేసింగ్ ప్యాడ్, 8 లేదా 10 రెట్లు పెద్దగా చూపే లూప్ అద్దం, ఒక మీటరు స్టీలు స్కేలు, పలుచటి నూలు గ్లవ్స్ నాలుగు జతలు, 16 ఎంఎం టేప్ స్ప్లైసర్ (ఫిల్ము ముక్కల్ని టేపుతో అతికించే పరికరం), దానికి సరిపోయే పాలియెస్టర్ స్ప్లైసింగ్ టేపు, తెల్ల లీడర్ (రీలు మొదట్లో, చివర్లో అతికించే ఖాళీ ఫిల్ము) 100 అడుగులు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అర లీటరు, నూగు రాలని మెత్తటి నూలు గుడ్డలు. 30 సెంటీమీటర్ల స్కేలుతో సరిపెట్టుకోకండి, ఎందుకో కింద తెలుస్తుంది.

ఆల్కహాల్ కోఠి గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డులు తుడిచేదిగా దొరుకుతుంది. సీసా మీద 99 శాతం అని ఉందో లేదో చదివి తీసుకోండి. మందుల షాపులో ఇచ్చే సర్జికల్ స్పిరిట్ వద్దు. అందులో నీళ్లు కలిసి ఉంటాయి, ఆ నీళ్లు బొమ్మ ఉన్న జెలటిన్ పొరని ఉబ్బిస్తాయి. స్ప్లైసర్, టేపు, లీడర్ ఇక్కడ షాపుల్లో దొరకటం కష్టం, బయటి దేశాల నుంచి తెప్పించుకోవాల్సి వస్తుంది. అవి వచ్చేదాకా ఆగండి కానీ వాటి బదులు స్టేషనరీ టేపు అంటించకండి. ఆ జిగురు ఒక్క ఎండాకాలంలోనే పాకి పక్క చుట్టుకి అంటుకుంటుంది.

వాసన, కొలత, అంచు

డబ్బా మూత తీయగానే ముక్కుకి తగిలేదాన్ని బట్టి సగం సంగతి తెలుస్తుంది. వెనిగర్ వాసన వస్తే బొమ్మ పొరని మోసే అసిటేట్ ప్లాస్టిక్ (బేసు) విరిగిపోతోందని అర్థం. దాన్నే వెనిగర్ సిండ్రోమ్ అంటారు. విడుదలయ్యే అసిటిక్ ఆమ్లమే ఆ చర్యని ఇంకా వేగంగా నడిపిస్తుంది కాబట్టి ఒకసారి మొదలైతే ఆగదు, నెమ్మదింపజేయగలం అంతే. రోచెస్టర్‌లోని ఇమేజ్ పెర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఏ–డీ స్ట్రిప్ ఒకటి డబ్బాలో పెట్టి మూసి, గది ఉష్ణోగ్రతలో 24 గంటలు ఉంచండి. స్ట్రిప్ నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చకి, తర్వాత పసుపుకి తిరిగేకొద్దీ 0 నుంచి 3 దాకా స్థాయి పెరుగుతుంది. 1.5 దాటిందంటే చర్య సొంత వేగం అందుకుంది, ఆ రీలుని మిగతా అన్నిటికంటే ముందు కాపీ చేయాలి. అదే సంస్థ లెక్క ప్రకారం 21 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త అసిటేట్ ఫిల్ము సుమారు 40 ఏళ్లకి ఈ దశ మొదలుపెడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, మేడ మీద గదిలో పడి ఉన్న డబ్బాకి అంత గడువు ఉండదు. వాసన వచ్చే రీలుని మిగతావాటి పక్కన పెట్టకండి, ఆ ఆవిరి పక్క డబ్బాలకీ పాకుతుంది.

వాసన చూసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. ముఖం డబ్బాలో పెట్టి పీల్చకండి, కళ్లు మండుతాయి.

పాత ఫిల్ము అనగానే నైట్రేట్ అని, ఇట్టే మంట అంటుకుంటుందని భయపడేవాళ్లున్నారు. 16 ఎంఎం మొదటి నుంచీ సేఫ్టీ ఫిల్మే, ఆ భయం 35 ఎంఎం పాత రీళ్లకి. అసిటేటా పాలియెస్టరా అన్నది మాత్రం తేల్చుకోండి. రీలుని పక్కనుంచి, చుట్ల అంచు వైపు నుంచి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు లోపలికి చొచ్చుకొస్తే పాలియెస్టర్, చీకటిగా ఉంటే అసిటేట్. 1960ల ప్రింటు దాదాపు ఎప్పుడూ అసిటేటే. ఈ తేడా ఎందుకంటే సిమెంటు జాయింటు (ఫిల్ము జిగురుతో వేసే అతుకు) అసిటేట్‌కి మాత్రమే పట్టుకుంటుంది.

ఇప్పుడు స్కేలు. 16 ఎంఎం ప్రింటులో ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి 7.62 మిల్లీమీటర్లు, అంటే 100 ఫ్రేములు సరిగ్గా 762 మిల్లీమీటర్లు రావాలి. మీటరు స్కేలు పక్కన ఫిల్ముని వదులుగా, లాగకుండా పరిచి ఒక రంధ్రం పై అంచు నుంచి వందో రంధ్రం తర్వాతి దాని పై అంచు దాకా కొలవండి. 756 వస్తే 0.8 శాతం కుంచించుకుంది, జాగ్రత్తగా పనిచేయొచ్చు. 754 కంటే తగ్గితే ఒక శాతం దాటినట్టు, పళ్లున్న ఏ యంత్రంలోనూ పెట్టకూడదు. 747 కంటే తక్కువైతే రెండు శాతం, అది ఆర్కైవు ల్యాబు చేయాల్సిన పని. ఈ కొలత రీలు మొదట్లో, నడుమ, చివర మూడు చోట్లా తీయండి. బయటి చుట్లు ఎండిపోయి లోపలివి బాగుండటం, దానికి ఎదురుగా లోపలే ఎక్కువ చెడటం, రెండూ జరుగుతాయి.

లూప్ అద్దంతో అంచు చూడండి. కోడాక్ ఫిల్మైతే చిన్న చతురస్రాలు, త్రికోణాలు, వలయాలు కనపడతాయి. అవి ఫిల్ము తయారైన సంవత్సరాన్ని చెప్పే గుర్తులు. కాకపోతే ఇరవై ఏళ్లకోసారి అవే తిరిగి వస్తాయి, కాబట్టి ఒకే గుర్తు 1941, 1961, 1981 మూడిటికీ వర్తిస్తుంది. ‘విప్‌లాష్’ అని తెలిశాక 1941 ఎటూ కాదు. నెగెటివ్ అంచున ఉన్న గుర్తు ప్రింటు మీదకి కూడా అచ్చుపడుతుంది, అది చూసి ప్రింటు తేదీ అనుకుంటే పొరపాటు. ఒకే అంచున నల్లటి అక్షరాలూ తెల్లటి అక్షరాలూ రెండు రకాలూ ఉంటే ఒకటి నెగెటివ్‌ది, ఇంకొకటి ప్రింటుది.

బొమ్మల్లోకి రండి. లూప్‌లో అడ్డంగా సన్నటి గీతల వరుసలు, గుండ్రటి మూలలు కనపడితే అది టీవీ మానిటర్‌కి ఎదురుగా కెమెరా పెట్టి తీసిన టెలిరికార్డింగ్. అప్పటి బ్రిటిష్ టీవీ 405 గీతలది. ‘విప్‌లాష్’ నేరుగా ఫిల్ము మీద తీసిన సీరియల్, దాని స్టేషన్ ప్రింటులో ఆ గీతలు ఉండకూడదు. ఉంటే మీ చేతిలో ఉన్నది వేరే కార్యక్రమం కావచ్చు, లేదా ఎవరో ప్రసారం నుంచి తీసుకున్న కాపీ కావచ్చు.

రీలు కొలత కూడా చెబుతుంది. 16 ఎంఎంలో అడుగుకి 40 ఫ్రేములు. 25 నిమిషాల ఎపిసోడ్ అంటే సెకనుకి 24 లెక్కన 36,000 ఫ్రేములు, 900 అడుగులు. ఇది సుమారు 12 అంగుళాల రీలు మీద ఉంటుంది. ఏడంగుళాల రీలు మీద 400 అడుగులే పడతాయి, అంటే పదకొండు నిమిషాలు. అది ముక్క మాత్రమే. మధ్యలో కొన్ని అడుగుల నల్ల ఫిల్ము వస్తే ప్రకటనల కోసం వదిలిన చోటు. దాన్ని కోసేయకండి, ఏ దేశపు స్టేషన్ కోసం వేసిన ప్రింటో తెలుసుకోవటానికి అదొక ఆధారం.

మరమ్మతు

రీవైండర్ మీద ఎక్కించి ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పండి. గ్లవ్స్ వేసుకున్న బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి అంచులు పోనివ్వండి, బొమ్మ మీద వేలు తగలకూడదు. చిరిగిన రంధ్రం, లేచిన జాయింటు కంటికంటే ముందు వేలికే తెలుస్తాయి. 900 అడుగులకి అరగంట పైనే పడుతుంది. ఎక్కడ ఏ లోపం ఉందో ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. చుట్టు చుట్టుకి అంటుకుపోయి చిటపట చప్పుడు వస్తే అక్కడే ఆపండి. లాగితే ఎమల్షన్ (బొమ్మ ఉన్న జెలటిన్ పొర) ఊడి పక్క చుట్టుకి పోతుంది.

పాత సిమెంటు జాయింట్లు ఎండి, కాస్త వంచగానే విడిపోతాయి. విడిపోయేవాటిని ముందే విడదీసి టేపు వేయటం మంచిది. పాత టేపు జాయింటు జిగురు కారి ఉంటే దూదిపుల్లకి ఆల్కహాల్ తడిపి అంచు కింద కొద్దికొద్దిగా పట్టించి, టేపుని ఫిల్ముకి సమాంతరంగా వెనక్కి మడుస్తూ తీయండి, నిట్టనిలువుగా పీకితే ఎమల్షన్ వస్తుంది. కొత్త టేపు రెండు వైపులా వేయాలి. ఒకవైపే వేస్తే జాయింటు మడత బందులా తెరుచుకుంటుంది. చిరిగిన రంధ్రాలకి ముందే రంధ్రాలు కొట్టి ఉన్న రిపేరు టేపు వస్తుంది. దాని వెడల్పు సౌండ్ ట్రాక్ (ఫిల్ము అంచున ధ్వని అచ్చయి ఉన్న పట్టీ) మీదకి పాకకుండా చూసుకోండి. ఒక్క ఫ్రేము కూడా కోసి పారేయొద్దు. చిరిగిన ఫ్రేముని టేపుతో నిలబెడితే స్కాన్‌లో బొమ్మ వస్తుంది, కోసేస్తే మాట కూడా ఎగిరిపోతుంది. మొదట్లో, చివర్లో ఆరేసి అడుగుల తెల్ల లీడర్ అతికించి, దాని మీద పర్మనెంట్ మార్కర్‌తో ‘మొదలు’, ‘చివర’ అని, ఎపిసోడ్ పేరు రాయండి.

తుడవటం చివరి పని. గుడ్డ మడిచి, ఆల్కహాల్ తేమ తగిలించి, ఫిల్ము దాని మధ్య నుంచి పోయేలా పట్టుకుని రీవైండర్ తిప్పండి. గుడ్డకీ చుట్టుకునే రీలుకీ మధ్య కనీసం రెండడుగుల దూరం ఉండాలి, ఆల్కహాల్ ఆరకముందే చుట్టుకుంటే మరకలు పడతాయి. ఇరవై ముప్ఫై అడుగులకోసారి మడత మార్చండి. అదే మడతతో పోతే అందులో చిక్కుకున్న ఇసుక రవ్వ రీలు పొడవునా గీత గీస్తుంది. వర్షాకాలంలో బూజు పట్టిన రీలుని నీళ్లతో ముట్టుకోవద్దు. బూజు జెలటిన్‌ని తిని నీళ్లలో కరిగిపోయేలా మారుస్తుంది, తడిగుడ్డ పెడితే బొమ్మే చేతికొస్తుంది. ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, దగ్గర్లో పొయ్యి గానీ అగరొత్తి గానీ లేకుండా చూసుకుని ఈ పని చేయండి.

కాపీ చేసే యంత్రం

గోడ మీద వేసి ఫోన్‌తో తీస్తే మినుకుమినుకులు, మసక మూలలు తప్ప ఏమీ రావు. సరైన పద్ధతి ఒక్కో ఫ్రేముని ఒక్కో ఫొటోగా తీయటం. దానికి స్కూళ్లలో, ప్రచార వ్యాన్లలో వాడిన పాత 16 ఎంఎం ప్రొజెక్టర్‌ని మార్చుకోవచ్చు. కొనేముందు రెండు చూసుకోండి. సౌండ్ ప్రొజెక్టరే కావాలి. సైలెంట్ ప్రొజెక్టర్ చక్రాలకి రెండు వైపులా పళ్లుంటాయి, ఒకవైపే రంధ్రాలున్న సౌండ్ ప్రింటుని అందులో పెడితే రెండో వైపు పళ్లు సౌండ్ ట్రాక్‌లో రంధ్రాలు పొడుస్తూ పోతాయి. రెండోది, బెల్ అండ్ హోవెల్ మోడళ్లలో చాలావాటికి లోపలి ప్లాస్టిక్ వార్మ్ గేరు వయసుతో పగులుతుంది. వెనక మూత తీసి చూడకుండా డబ్బివ్వకండి.

మార్పులు ఇవి. హాలోజన్ దీపం తీసేయాలి. సెకనుకి రెండు ఫ్రేముల వేగంలో ఆ వేడికి ఫిల్ము కాలిపోతుంది. దాని చోట హీట్‌సింక్ మీద బిగించిన 5 లేదా 10 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ, ముందు పాలతెలుపు యాక్రిలిక్ ముక్క. ఆ ముక్క ఫిల్ముకి సుమారు ఒక సెంటీమీటరు వెనక ఉండాలి. మరీ దగ్గరైతే దాని మీద దుమ్ము కూడా ఫోకస్‌లోకి వస్తుంది. వెలుతురు ఇలా చెదిరి పడితే బేసు వైపు గీతలు చాలా వరకు కలిసిపోతాయి. ఎమల్షన్ వైపు పడ్డ గీతలు మాత్రం పోవు, అక్కడ బొమ్మే లేదు. ఎల్‌ఈడీకి నిలకడైన డీసీ ఇవ్వండి. చౌక డ్రైవరు పెడితే వెలుతురు సెకనుకి వందసార్లు ఊగుతుంది, ఒక ఫ్రేము ముదురుగా ఒకటి లేతగా పడి సినిమా అంతా దడదడలాడుతుంది.

షట్టర్ రెక్కలు విప్పేయండి. మోటారు స్థానంలో నిమిషానికి 120 చుట్లు తిరిగే 12 వోల్టుల గేర్ మోటారు పెట్టండి, రాణిగంజ్‌లో దొరుకుతుంది. షట్టర్ షాఫ్టు ఒక చుట్టుకి ఒక ఫ్రేము కదిలే యంత్రంలో ఇది సెకనుకి రెండు ఫ్రేములు, అంటే ఎపిసోడ్‌కి ఐదు గంటలు. అదే షాఫ్టుకి చిన్న అయస్కాంతం అంటించి, ఎదురుగా హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టేది) పెట్టి, దాని సంకేతంతో కెమెరా నొక్కుకునేలా చేయాలి. ఫిల్ముని కిందికి లాగే కొక్కెం వెనక్కి వెళ్లిన వెంటనే సంకేతం రావాలి. బొమ్మ నిలువుగా సాగి కనపడితే సంకేతం తొందరగా వస్తోంది, అయస్కాంతాన్ని కాస్త వెనక్కి జరపండి.

ప్రొజెక్టర్‌లో ఫ్రేము ఆగే గేటు కిటికీ సౌండ్ ట్రాక్‌నీ రంధ్రాల్నీ కప్పేస్తుంది. రెండూ కనపడాలంటే దాన్ని లేత్ వర్కుషాపులో వెడల్పు చేయించాలి. ఆ అంచులు వెయ్యి నంబరు ఎమెరీ పేపరుతో నున్నగా రుద్దకపోతే లోహపు బొడిపె 900 అడుగులనీ గీస్తుంది. ముందు పనికిరాని ఫిల్ము ఒక యాభై అడుగులు పోనిచ్చి గీతలు పడట్లేదని లూప్‌లో చూశాకే అసలుది ఎక్కించండి.

కెమెరాకి 1:1 మాక్రో లెన్సు చాలు. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్–సీ సెన్సర్ మీద 1:1లో ఫ్రేము వెడల్పు 10.26 మిల్లీమీటర్లకి సుమారు 2,600 పిక్సెళ్లు వస్తాయి. 16 ఎంఎం ప్రింటులో అంతకంటే దాచుకున్న వివరం ఉండదు. లెన్సు రంధ్రం ఎఫ్ 5.6 దగ్గర పెట్టండి, 11, 16 దాకా మూస్తే డిఫ్రాక్షన్ (సన్న రంధ్రంలో వెలుతురు చెదరటం) వల్ల బొమ్మ మెత్తబడుతుంది. ఫోకస్ ఫిల్ము గ్రెయిన్ (బొమ్మలోని సన్నటి రవ్వలు) మీద చూసి పెట్టి టేపు వేసేయండి. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు, ఐఎస్ఓ అన్నీ మాన్యువల్. మెకానికల్ షట్టరున్న డీఎస్‌ఎల్‌ఆర్ వద్దు, ఒక్క ఎపిసోడే 36,000 క్లిక్కులు, నాలుగైదు ఎపిసోడ్లకి షట్టర్ ఆయుష్షు అయిపోతుంది. ఎలక్ట్రానిక్ షట్టరున్న మిర్రర్‌లెస్ గానీ ఇండస్ట్రియల్ కెమెరా గానీ వాడండి. రా ఫైలు 25 ఎంబీ అనుకుంటే ఎపిసోడ్‌కి 900 జీబీ. ఆరేసి ఎంబీల జేపెగ్ అయితే 216 జీబీ. డిస్కులు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఒకేసారి రెండు కొనండి, రెండోది నకలు కోసం.

ఐదు గంటల పనిలో కరెంటు ఒకసారైనా పోతుందనుకునే ఏర్పాటు చేసుకోండి. మోటారు ఆగినా చల్లటి ఎల్‌ఈడీ ముందు ఫిల్ముకి ఏమీ కాదు, కానీ కంప్యూటర్, కెమెరా యూపీఎస్ మీద లేకపోతే ఫైళ్ల వరుస చెడుతుంది.

ధ్వని

ఆప్టికల్ ట్రాక్‌ది ఒక చిక్కు ఉంది. 16 ఎంఎంలో ధ్వని, దానికి సంబంధించిన బొమ్మ కంటే 26 ఫ్రేములు ముందు అచ్చయి ఉంటుంది, ఎందుకంటే ప్రొజెక్టర్‌లో ధ్వని చదివే డ్రమ్ము గేటు దాటాక వస్తుంది. ఫ్రేము ఫొటోల్లో ట్రాక్ కూడా పడింది కాబట్టి ఏఈఓ–లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ బొమ్మల నుంచే ధ్వని తీయొచ్చు. ఒక ఫ్రేము అడుగు, తర్వాతి ఫ్రేము తల కాస్త కలిసేలా ఫొటో ఉంటేనే అతుకు సాఫీగా పడుతుంది. అలా తీసిన ధ్వని 26 ఫ్రేములు ఆలస్యంగా వినపడేలా జరపాలి, 24 వేగంలో ఇది ఒక సెకను మీద కొద్దిగా. జరపటం మర్చిపోతే కొరడా చప్పుడు ముందు వినపడి చెయ్యి తర్వాత లేస్తుంది. సరిచూసుకోవటానికి కొరడా దెబ్బ, తలుపు మూత లాంటివి ఎపిసోడ్ మొదట ఒకటి, చివర ఒకటి ఎంచుకోండి. మొదట కలిసి చివర తేడా వస్తే మధ్యలో ఎక్కడో ఫ్రేములు తప్పిపోయాయి.

వేగం 24 పెట్టాలా 25 పెట్టాలా? బ్రిటిష్ టీవీ సెకనుకి 25 ఫ్రేములు చూపేది. 24 వేగంలో తీసిన ఫిల్ముని కూడా 25లోనే నడిపేవారు. నాలుగు శాతం తేడా, శ్రుతి అర స్వరానికి కాస్త తక్కువగా పెరుగుతుంది. ఫ్రాంక్ ఐఫీల్డ్ పాట రికార్డు దొరికితే పక్కన పెట్టి హార్మోనియం మీద సరిచూడండి. ఏ వేగంలో శ్రుతి కలిస్తే చూసే కాపీకి అదే వేగం. భద్రపరిచే కాపీలో ఫ్రేములు విడివిడిగానే ఉంటాయి కాబట్టి రేపు మనసు మార్చుకున్నా నష్టం లేదు.

దిద్దటంలో హద్దు

రంధ్రం అంచు ఆధారంగా ఫ్రేముల్ని నిలకడ చేయటం, వెలుతురు తేడాలు సరిచేయటం చాలు. టెలిసినీ (ఫిల్ముని టీవీ ప్రసారానికి మార్చే యంత్రం) కోసం వేసిన టీవీ ప్రింట్లు సినిమా హాలు ప్రింట్లకంటే తక్కువ కాంట్రాస్టుతో ఉంటాయి, బూడిదగా కనపడితే చెడిపోయిందని అనుకోకండి. నలుపుని మరీ ముదర పెడితే ఎండలో టోపీ నీడన ఉన్న ముఖాలు మాయమవుతాయి. ఇంకో జాగ్రత్త: ఆ కాలపు ఔట్‌డోర్ సీరియళ్లలో రాత్రి సీన్లు చాలాసార్లు పగలే, తక్కువ ఎక్స్‌పోజరుతో తీసేవారు. ఆటోమేటిక్ దిద్దుబాటు వేస్తే అవి మిట్టమధ్యాహ్నం అయిపోతాయి, దొంగలు నక్కి వచ్చే సీను అర్థమే కాదు. నేల మీద నీడ పొట్టిగా, అంచు పదునుగా ఉండి, పాత్రలు లాంతరు పట్టుకుని ఉంటే అది రాత్రే. ఆ సీన్లని చేత్తో దిద్దండి.

బొమ్మ 4:3. నేటి టీవీ నిండాలని పైనా కిందా కోసి 16:9 చేయటం క్షమించరాని పని. ఆనాటి టీవీ పెట్టెలు అంచుల్ని కొంత మింగేసేవి కాబట్టి పూర్తి ఫ్రేములో అప్పుడప్పుడూ మైకు గానీ లైటు స్టాండు గానీ కనపడొచ్చు, ఉండనివ్వండి. కృత్రిమ మేధతో గ్రెయిన్ తుడిచి ముఖాలకి మైనం పూయటం కూడా వద్దు. భద్రపరిచే కాపీ ఎఫ్‌ఎఫ్‌వీ1 కోడెక్‌లో మట్రోస్కా ఫైలుగా, చూసుకునేది హెచ్.264లో.

రీలుని దాచటం, కాపీని వాడటం

కాపీ అయ్యాక అసలు రీలు పని అయిపోలేదు. తుప్పు డబ్బా పారేసి పాలీప్రొపిలీన్ డబ్బాలోకి మార్చండి. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే అందులో ఒక అర వాడుకోవచ్చు. ముందు రీలుని ఏసీ గదిలో ఒక రోజు ఉంచి తేమ తగ్గనివ్వండి, తర్వాత డబ్బాతో సహా రెండు జిప్ కవర్లలో వేసి, కవర్ల మధ్య తేమ చూపే కార్డు పెట్టి మూయండి. బయటికి తీసినప్పుడు 24 గంటలు కవరు విప్పకూడదు. వర్షాకాలంలో తొందరపడితే చల్లటి ఫిల్ము మీద నీటి బిందువులు కట్టి చుట్లు అంటుకుంటాయి. వెనిగర్ వాసన ఉన్నదానికి ఆమ్లాన్ని పీల్చే మాలిక్యులర్ సీవ్ పొట్లం డబ్బాలోనే వేయండి, లేకుండా గాలి చొరకుండా మూస్తే ఆమ్లం లోపలే పోగుపడుతుంది. ఫ్రిజ్ వీలుకాకపోతే కింది అంతస్తులో, బయటి గోడకి దూరంగా ఉన్న అల్మారా. అటక మీద మాత్రం వద్దు.

ప్రింటు మీ చేతిలో ఉన్నంత మాత్రాన హక్కులు మీవి కావు. మన చట్టంలో సినిమాటోగ్రాఫ్ ఫిల్ముకి ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, కానీ స్క్రిప్టుకీ సంగీతానికీ వేరే లెక్క, రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు. బ్రిటన్‌లో రచయితల మరణం తర్వాత 70 ఏళ్లు. యూట్యూబ్‌లో పెడితే అన్ని దేశాల చట్టాలూ వర్తిస్తాయి, కాబట్టి హక్కుదారుని అడక్కుండా పెట్టకండి. రీలు అరుదైనదని అనిపిస్తే కాన్‌బెర్రాలోని నేషనల్ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్‌కీ, లండన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కీ (బీఎఫ్‌ఐ) ఎపిసోడ్ పేరు, రీలు పొడవు, కొలిచిన కుంచింపు శాతం, ఏ–డీ స్థాయి, అంచు గుర్తుల ఫొటోలు పంపండి. ఇవే వివరాలు ఒక టెక్స్ట్ ఫైలుగా, ఏ తేదీన ఏ కెమెరాతో ఏ వేగంలో కాపీ చేశారో కలిపి, రెండు డిస్కుల్లోనూ వీడియో పక్కనే పెట్టండి. ఒక కాగితం నకలు డబ్బాలో కాక, డబ్బా బయటి కవరులో ఉంచండి.